ముందు దీపం, తర్వాత కెమెరా. పెట్టె తాళం మాత్రం మన దగ్గరే

ఈ మధ్య ఏ పల్లెకు పోయినా మనవాళ్ళు మమ్మల్ని ఒక మాట అడుగుతున్నారు. ఇంటి ముందర మంచి లైటొకటి పెట్టిద్దామనుకుంటున్నాం, వీలైతే ఒక కెమెరా కూడా, ఏది కొనమంటారు అని. గల్ఫుకు పోయిన కొడుకు డబ్బు పంపుతున్నాడు. హైదరాబాదులో వుద్యోగం చేసే కూతురు ఫోనులోనే ఆర్డరిస్తానంటున్నది. ఇంట్లో ముసలి తల్లిదండ్రులే వుంటున్నారు. మేకలు పోతున్నాయి. పొలం దగ్గర మోటారు తీగలు పోతున్నాయి. పొలం తగాదాలో కేసు పెట్టినవాళ్ళ ఇంటికి రాత్రిపూట ఎవరో వచ్చి తలుపు తన్ని పోతున్నారు. తెల్లారి అడిగితే మేం రాలేదంటున్నారు. కనుక భయం వుత్తది కాదు, అడగడంలో తప్పూ లేదు.

కొట్టువాణ్ణి అడిగితే కంపెనీ పేరు చెబుతాడు. మేము కంపెనీ పేరు చెప్పం. కొనేముందు మనం మూడు ప్రశ్నలు వేసుకోవాలంటాం. ఈ వెలుగు ఎవరి కోసం? ఈ కన్ను ఎవరి వైపు చూస్తుంది? అది చూసింది చివరికి ఎవరి చేతిలో వుంటుంది? ఈ మూడింటికీ జవాబు తేలితే ఏది కొనాలో దానంతటదే తేలుతుంది. మూడోదానికి జవాబు తేలకపోతే, ఎంత ఖరీదు పెట్టి కొన్నా మన డబ్బుతో మనమీదే కాపలా పెట్టుకున్నట్టు.

దీపంతో కులం పోదు

ముందు ఒక భ్రమ వదిలించుకుందాం. లైటు వెలిగితే దాడి ఆగుతుందనేది కొట్టువాడి మాట. కారంచేడులో 1985 జూలై 17న మనవాళ్ళు ఆరుగురిని చంపింది అర్ధరాత్రి కాదు. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని తరిమి తరిమి నరికింది పట్టపగలు, అదీ పోలీసులు ఊళ్ళో వుండగానే. లక్ష్మీపేటలో 2012 జూన్ 12న ఐదుగురిని చంపింది ఉదయం పూట. సూర్యుడికంటే పెద్ద లైటు ఏ కొట్లో దొరుకుతుంది? చంపినవాళ్ళకు వెలుగంటే భయం లేదు, ఎందుకంటే శిక్ష పడుతుందన్న భయం లేదు.

మరి ఎందుకు ఈ లైట్లూ కెమెరాలూ అంటారా? చంపిన తర్వాత జరిగింది చూడండి. చుండూరు కేసు కోసం ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకోడానికి మనవాళ్ళు ఎంత పోరాడారో అందరికీ తెలుసు. ఆ కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష, మరో 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. నేరం వీళ్ళే చేశారని అనుమానం లేకుండా రుజువు కాలేదన్నది. అంటే కళ్ళతో చూసినవాళ్ళ మాట చాల్లేదన్నమాట. మాలవాడు, మాదిగవాడు చూశానంటే, నువ్వు ఎంత దూరంలో వున్నావు, ఎంతసేపు చూశావు, అప్పుడెందుకు చెప్పలేదు అని వంద ప్రశ్నలు. మన నోటిమాటకు ఇంత తక్కువ ధర కట్టే చోట ఇంకొక సాక్షిని నిలబెట్టుకోక తప్పడం లేదు. కాబట్టి కెమెరాను కాపలావాడు అనుకోవద్దు. అది సాక్షి. సాక్షిగానే ఎంచుకోవాలి, సాక్షిని కాపాడుకున్నట్టే కాపాడుకోవాలి.

వీధి లైటు మన బాకీ

ఇంటి లైటు కొనేముందు వీధి లైటు సంగతి తేల్చుకోండి. వీధి దీపాలు వెలిగించడం పంచాయతీ బాధ్యత. 1994 పంచాయతీరాజ్ చట్టంలో వుంది, తెలంగాణ 2018లో తెచ్చుకున్న కొత్త చట్టంలోనూ వుంది. అది సర్పంచ్ దయ కాదు. అయినా చాలా ఊళ్ళలో గుడి ముందు, పెద్దల బజార్లో లైట్లు తెల్లారేదాకా వెలుగుతాయి. పల్లె మొదట్లో వున్న స్తంభం దగ్గరకు వచ్చేసరికి బల్బు మాడిపోతుంది. మాడిన బల్బు ఆరు నెలలు అట్లాగే వుంటుంది. అప్పుడు మనలో కాస్త డబ్బున్నవాడు తన ఇంటి మీద పెద్ద లైటు పెట్టుకుంటాడు. పంచాయతీ వాళ్ళు హాయిగా వూపిరి పీల్చుకుంటారు. బాకీ వాళ్ళది, బిల్లు మనది.

కనుక సంఘం చేయాల్సిన మొదటి పని లెక్క తీయడం. ఊళ్ళో ఎన్ని స్తంభాలు, ఎన్నింటికి లైట్లున్నాయి, పల్లెలో ఎన్ని, వెలిగేవి ఎన్ని, ఏ ఇంటి ముందు. ఒక రాత్రి నలుగురు పిల్లలు కాగితం పట్టుకుని తిరిగితే అయిపోతుంది. లైట్లకు ఏటా ఎంత ఖర్చు రాశారో సమాచార హక్కు చట్టం కింద పంచాయతీని అడగండి. రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే కులం ఎట్లా వెలుగుతుందో, ఎట్లా ఆరిపోతుందో గ్రామసభలో అందరికీ కనపడుతుంది. ఎస్సీల వాటా డబ్బు ఎస్సీలకే ఖర్చు పెట్టాలని 2013లో ఉమ్మడి రాష్ట్రంలో సబ్‌ప్లాన్ చట్టం వచ్చింది. 2017లో తెలంగాణ దాని స్థానంలో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం చేసింది. పల్లె లైట్లకు డబ్బు లేదంటే ఆ చట్టం పేరు చెప్పి అడగండి. ఇది తేలకుండా ఇంటింటికీ లైటు కొనుక్కుంటూ పోతే, కొనలేని ముసలమ్మ ఇల్లు ఇంకా చీకటైపోతుంది.

ఇంటి లైటు ఎట్లాంటిది?

ఎక్కువ వాట్లుంటే ఎక్కువ భద్రత అనుకోవడం పొరపాటు. 50 వాట్ల ఫ్లడ్‌లైటు గోడకు తిన్నగా బిగిస్తే, దారిన పోయేవాళ్ళ కళ్ళు జిగేల్మంటాయి. ఆ వెలుగు వెనక, గోడ పక్కన నీడ ఇంకా చిక్కగా వుంటుంది. దాక్కునేవాడికి అదే చాలు. 10 వాట్ల ఎల్ఈడీ లైటును ఎనిమిది పది అడుగుల ఎత్తులో కిందకు వంచి పెడితే గడప, వాకిలి, దారి బాగానే కనపడతాయి. చుట్టూ నాలుగు చోట్ల చిన్న వెలుగులు ఒక చోట పెద్ద వెలుగుకంటే మేలు.

బిల్లు లెక్క కూడా చూసుకోండి. 10 వాట్ల లైటు రాత్రికి 12 గంటలు వెలిగితే నెలకు మూడున్నర యూనిట్ల పైచిలుకు. 50 వాట్లదైతే 18 యూనిట్లు.

బయట పెట్టేదానికి డబ్బా మీద ఐపీ 65 అనో 66 అనో వుండాలి. దుమ్ము లోపలికి పోదు, అన్ని వైపుల నుంచి నీళ్ళు చిమ్మినా తట్టుకుంటుందని దానర్థం. ఆ అంకె లేని లైటును చూరు కింద పెట్టినా మన తుఫానుల వాన జల్లుకు ఆగదు. మనిషి కదిలితే వెలిగే సెన్సార్ లైట్లు వస్తున్నాయి. ఒంటి వేడి కదలికను పసిగట్టి వెలుగుతాయవి. కరెంటు ఆదా అవుతుంది, దొంగ వులిక్కిపడతాడు. అయితే పల్లెలో కుక్క నడిచినా, మేక నడిచినా వెలుగుతుంది. వారం తిరిగేసరికి ఎవరూ పట్టించుకోరు. దొడ్డివైపు, మేకల పాక దూరంగా వున్నవైపు అది పనికొస్తుంది. వాకిట్లో తెల్లవార్లూ వెలిగే చిన్న లైటే మంచిది. సోలార్ లైటు కరెంటు తీసేసినా వెలుగుతుంది, అది దాని గొప్ప. కాని పలక మీద ఎండ పడాలి. చెట్టు నీడలో పెడితే, ముసురు పట్టిన వారంలో, అర్ధరాత్రికే ఆరిపోతుంది. కనుక కరెంటు లైటొకటి, సోలార్‌ది ఒకటి వుంటే మనకు మేలు. ఎందుకంటే మన కరెంటు తీగ ఎవరి దయమీద వుందో మనకు తెలుసు గదా.

కెమెరాకు ఏం కనపడుతుంది?

ముందు దీపం అని ఎందుకంటున్నామంటే, చీకట్లో కెమెరా చూసేది వేరు. మామూలు కెమెరా రాత్రిపూట కంటికి కనపడని ఎర్రని కాంతితో చూస్తుంది. బొమ్మ నలుపు తెలుపులో వస్తుంది. చొక్కా ఎర్రదో పచ్చదో తెలియదు. మోటారుసైకిలు హెడ్‌లైటు ఎదురుగా కొడితే నంబరు ప్లేటు తెల్లగా తేలిపోతుంది. అదే మంచి వెలుగుంటే రంగులతో సహా వస్తుంది. కెమెరా ఎదురుగా లైటు పెట్టొద్దు, కళ్ళు పోయినట్టవుతుంది. కెమెరా పైనో పక్కనో, అది చూసే వైపుకే లైటు వెలగాలి.

డబ్బా మీద 30 మీటర్లు కనపడుతుందని రాస్తారు. కనపడేది మనిషి ఆకారం, ముఖం కాదు. వెడల్పుగా చూసే 2.8 మిల్లీమీటర్ల కన్నున్న 2 మెగాపిక్సెల్ కెమెరాలో నాలుగైదు మీటర్లు దాటితే ముఖం గుర్తుపట్టడం కష్టం. 4 మిల్లీమీటర్లదో, 6 మిల్లీమీటర్లదో అయితే వెడల్పు తగ్గి దూరం పెరుగుతుంది. కోర్టులో కావాల్సింది ముఖం. కనుక పల్లె మొత్తం చూడాలని ఆశపడకుండా, మన గడపకు వచ్చే దారి ఒక్కటి ఎంచుకోండి. మరీ ఎత్తున పెడితే తలలూ తువ్వాళ్ళే కనపడతాయి.

ఇంకొక సంగతి ఏ కొట్టువాడూ చెప్పడు. కులం పేరుతో తిట్టడం నేరం. ఆ నేరం మాటతో జరుగుతుంది. మైకు లేని కెమెరాకు తిట్టు వినపడదు, మూతి కదలడమే కనపడుతుంది. కనుక మైకున్నదే తీసుకోండి. ఎక్కడ పెట్టాలో కూడా చట్టాన్ని బట్టి ఆలోచించండి. అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం ఆ తిట్టు జనం చూసే చోట జరగాలి. ఇంటి బయట, రోడ్డు మీదకు కనపడే జాగా అయితే జనం చూసే చోటే అవుతుందని 2008లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్నది. నాలుగు గోడల మధ్య బయటివాళ్ళెవరూ లేకుండా అంటే అవ్వదని 2020లో హితేష్ వర్మ కేసులో అన్నది. ఈ షరతు మనకు న్యాయం చేయడం లేదన్నది మా అభిప్రాయం. ఇంట్లోకొచ్చి తిడితే అవమానం తగ్గుతుందా? అయినా చట్టం అట్లా వున్నంత కాలం కెమెరా వాకిటివైపు, దారివైపు చూడాలి. కెమెరా వుంది గదా అని విన్నవాళ్ళ పేర్లు రాసుకోవడం మానొద్దు. వీడియో మనిషి సాక్షికి తోడు, బదులు కాదు.

పెట్టె ఎవరి ఇంట్లో?

కెమెరా చూసింది ఎక్కడో నిలవ వుండాలి. కెమెరాలోనే చిన్న మెమరీ కార్డు వుండొచ్చు, ఇంట్లో డీవీఆర్ అనే పెట్టె వుండొచ్చు, లేదా ఇంటర్నెట్ మీద కంపెనీవాడి దగ్గర వుండొచ్చు. ఒక్కో దానిలో ఒక్కో మోసం వుంది.

కార్డు, పెట్టె నిండగానే పాతదాన్ని చెరిపేసి దానిమీదే కొత్తది రాస్తాయి. సెకనుకు 2 మెగాబిట్ల లెక్కన ఒక కెమెరా రోజుకు 20 జీబీ పైనే తింటుంది. అంటే 128 జీబీ కార్డులో ఐదారు రోజులే నిలుస్తుంది. నాలుగు కెమెరాలున్న ఇంట్లో 1 టీబీ పెట్టెకు పదకొండు పన్నెండు రోజులు. మన కేసుల్లో ఎస్సై కాగితం తీసుకోడానికే ఎన్ని రోజులు తిప్పుతాడో మనకు తెలుసు. వాళ్ళు తిప్పేలోపల సాక్ష్యం దానంతటదే చెరిగిపోతుంది. కనుక కొనేటప్పుడు ఎన్ని రోజులు నిలుస్తుందన్నదే మొదట అడగండి. ఏదైనా జరిగితే ఆ రోజే కాపీ తీయండి.

గోడ మీది కెమెరాను కర్రతో కొడితే దాంతోపాటు కార్డూ పోతుంది. కనుక పెట్టె ఇంటి లోపల, కంటపడని చోట, తాళం వేసి వుండాలి. కరెంటు తీసినా కొన్ని గంటలు నడిచేట్టు చిన్న యూపీఎస్ పెట్టాలి. ఇంటర్నెట్ మీద దాచేవాటికి నెలనెలా డబ్బు కట్టాలి, కట్టకపోతే ఆగిపోతాయి. అంతకంటే పెద్ద చిక్కు, ఊళ్ళో కేబులు ఎవరిది? సాంఘిక బహిష్కారం పెట్టిన ఊళ్ళలో కిరాణా కొట్టు మూశారు, నీళ్ళు బంద్ చేశారు. అట్లాంటివాళ్ళకు కేబులు తీగ పీకడం ఎంతసేపు? కేబులు మీదే ఆధారపడకుండా సిమ్ కార్డుతో నడిచేది వుంటే ఒక కాపీ ఊరు దాటి, బంధువు ఫోనులోకి పోతుంది. రెండు చోట్ల రెండు కాపీలు. ఇదే సూత్రం.

పాస్‌వర్డ్ సంగతి మరవొద్దు. బిగించడానికొచ్చిన కుర్రాడు తనకు తోచిన పాస్‌వర్డ్ పెట్టి, తన ఫోనులో కూడా చూసుకునేట్టు కలిపి పోతాడు. వాడు పోగానే మార్చండి. లేదంటే మన వాకిలి ఎవరి ఫోనులో కనపడుతున్నదో మనకే తెలియదు.

సాక్ష్యం చెడకుండా

పెట్టె గడియారం సరిగా వుందో లేదో నెలకోసారి చూడండి. టైము గంట తేడా వుంటే అవతలి లాయరు దాన్నే పట్టుకుంటాడు. వీడియోను ముక్కలు కోసి, పాటలు కలిపి వాట్సాప్‌లో తిప్పడం మన కుర్రాళ్ళకు సరదా. తిప్పింది ప్రచారానికి పనికొస్తుందేమో గాని కోర్టుకు పనికి రాదు. అసలుది తాకకుండా వుంచాలి. 2020లో అర్జున్ పండిత్‌రావు ఖోట్కర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, అసలు పరికరాన్నే కోర్టులో పెట్టినప్పుడు తప్ప కాపీకి సర్టిఫికెట్ తప్పనిసరి అని. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్‌లో ఆ సర్టిఫికెట్‌కు రెండు భాగాలున్నాయి. ఒకటి ఆ పరికరం చూసుకునే మనిషి సంతకం చేయాలి, ఇంకొకటి నిపుణుడు చేయాలి. కనుక పెట్టె ఎవరి పేరుమీద కొన్నారో ఆ రసీదు జాగ్రత్త. పోలీసులు పెట్టెను తీసుకుపోతామంటే ముందు కాపీ తీసుకోండి, ఏం తీసుకుపోయారో కాగితం మీద రాయించుకోండి.

ఎవర్ని చూడకూడదు?

మన పల్లెల్లో గోడకు గోడ ఆనుకుని వుంటుంది. స్నానాల గది లేని ఇళ్ళు ఇంకా వున్నాయి. దడి చాటున, తడిక చాటున స్నానాలు చేసే ఆడవాళ్ళున్నారు. మన కెమెరా పక్కింటి దొడ్లోకి చూస్తే అది భద్రత కాదు, ఆడవాళ్ళ చాటును గుంజుకోవడం. చట్టం కూడా దాన్ని నేరమే అంటుంది. బిగించే రోజున పక్కింటి ఆడవాళ్ళను పిలిచి తెర చూపించండి. వాళ్ళు సరేనంటేనే బిగించండి. కెమెరా పెట్టామని మన ఆడపిల్ల ఎవరితో మాట్లాడింది, ఎన్నింటికి వచ్చింది అని తిప్పి తిప్పి చూసే తండ్రులూ అన్నలూ తయారవుతున్నారు. పెద్దకులపోడు ఊరంతా చేసే పనిని మనం ఇంట్లో చేసినట్టు కాదా ఇది?

సంఘం మీటింగు జరిగే చోటును కూడా చూడనివ్వొద్దు. ఎవరొచ్చారు, ఎవరేం మాట్లాడారు అన్నది రికార్డు అయితే అది రేపు ఎవరి బల్ల మీదకు చేరుతుందో చెప్పలేం.

పోలీసు కెమెరా, మన కెమెరా

ఇప్పుడు ఊళ్ళలో చందాలు వేసి కెమెరాలు పెట్టిస్తున్నారు. 2013 నాటి ప్రజాభద్రత చట్టం వంద మంది, అంతకుమించి జనం వచ్చే సంస్థలు కెమెరాలు పెట్టాలన్నది. ఇల్లు ఆ లెక్కలోకి రాదు. అయినా మన దగ్గరా చందా అడుగుతారు. ఇచ్చేముందు చూడండి, కెమెరా ఎటు తిరిగి వుంది? పల్లెలోకి పోయే దారివైపు తిరిగి, తెర ఊరి పెద్దల దగ్గరో స్టేషన్‌లోనో వుంటే అది మనల్ని కాపాడే కెమెరా కాదు, మనల్ని కాపలా కాసే కెమెరా. హైదరాబాదులో ముఖాలు గుర్తుపట్టే యంత్రాల మీద ఎస్.క్యూ. మసూద్ వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో 2022 జనవరిలో తెలంగాణ హైకోర్టు ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. పట్నంలో బస్తీల మీదకు వచ్చింది రేపు పల్లెల మీదకు రాదని ఎవరు చెప్పగలరు?

మన ఇంటి కెమెరా లైను స్టేషన్‌కు కలపమని అడిగితే వద్దనండి. ఫలానా రోజు, ఫలానా నేరం కోసం కావాలంటే కాగితం మీద రాసి అడగమనండి, ఆ ముక్క ఇవ్వండి. నేరానికి సాక్ష్యం ఇవ్వడం వేరు, రోజూ మన గడప అప్పజెప్పడం వేరు.

అసలు అడగాల్సింది మనం. ప్రతి పోలీసు స్టేషన్‌లో మాటా బొమ్మా రెండూ వచ్చే కెమెరాలు పెట్టాలని, ఆ రికార్డు 18 నెలలు, ఎట్లా చూసినా ఏడాదికి తగ్గకుండా దాచాలని 2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మన ఫిర్యాదు తీసుకోకుండా కూచోబెట్టినప్పుడు, బూతులు తిట్టినప్పుడు ఆ తేదీ, ఆ గంట రాసుకోండి. ఆ రికార్డు వుంచమని వెంటనే రిజిస్టర్డ్ పోస్టులో రాయండి. అత్యాచారాల చట్టంలో విధి నిర్లక్ష్యం చేసిన అధికారికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా శిక్ష వుంది, నాలుగో సెక్షన్. కోర్టులో ఈ కేసుల విచారణ మొత్తం వీడియో తీయాలని 2016 నుంచి అమల్లో వున్న సవరణ చెబుతున్నది, 15ఎ సెక్షన్. అక్కడ కెమెరా ఏదీ అని అడిగే నోళ్ళు కావాలి.

కొందరు మిత్రులు కెమెరా అంటేనే రాజ్యం కన్ను, మనకెందుకు అంటున్నారు. వాళ్ళ భయం మాకు అర్థమవుతుంది. కాని సాక్ష్యం లేదని మన కేసులు కొట్టేస్తుంటే చేతులు ముడుచుకు కూచోలేం. అక్షరం కూడా ఒకప్పుడు వాళ్ళ చేతిలోదే. వద్దనుకోలేదు, గుంజుకున్నాం. ఇంకొందరు కెమెరా పెట్టాం, ఇక సంఘం ఎందుకంటున్నారు. వాళ్ళకు మా జవాబు ఒకటే. కెమెరా చూస్తుంది, అరవదు. తలుపు తన్నిన రాత్రి పక్కింటివాడు లేచి రావాలి, పది ఇళ్ళ లైట్లు ఒక్కసారిగా వెలగాలి. ఆ వెలుగు కొట్లో దొరకదు.

కాబట్టి సంఘాలు ఈ నెల గ్రామసభకు ముందే వీధి లైట్ల లెక్క తీయాలి. కెమెరా పెట్టుకునే ఇళ్ళవాళ్ళు కలిసి కూర్చుని ఏది ఎటు చూడాలో ఆడవాళ్ళ ముందు తేల్చుకోవాలి. కాపీ తీయడం, సర్టిఫికెట్ రాయడం చదువుకున్న పిల్లల్లో ఇద్దరైనా నేర్చుకోవాలి, అందులో ఒకరు ఆడపిల్ల కావాలి. వెలుగు పంచాయతీ దగ్గర వసూలు చేద్దాం. సాక్ష్యం మన పెట్టెలో దాచుకుందాం. తాళంచెవి ఎవడికీ ఇవ్వొద్దు.

జై భీమ్!